గోడకి అటువైపు

మేస్త్రి నాలుగో దెబ్బ వేసేసరికి ఉలి కాస్తా గోడలోకి దూరిపోయింది. అటువైపు గదిలో ధభీమని చప్పుడైంది. ఆ తర్వాత అత్తగారి కేక వినబడాలి. వినబడలేదు. ఆవిడ కేకెయ్యలేదంటే సంగతి పెద్దదే.

పరిగెత్తి చూస్తే, మూడు ఇటుకలు బల్ల మీద పడి, బల్ల మీది కుట్టుమిషను కింద పడి, మెడ విరిగి రెండు ముక్కలై ఉంది. ఎవరింట్లో టైల్స్ వేసినా గోడకి అటువైపు ఏముందో చూడందే సుత్తి ముట్టని మనిషి, సొంత వంటింట్లో పైపుకి దారి చేస్తూ మాత్రం చూడలేదు. మన ఇల్లే కదా అన్న ధీమా.

అత్తగారు ముక్కల్ని గుడ్డలో మూటకట్టి, తలుపు పక్కనున్న తన సూట్‌కేసు వైపు ఒకసారి చూసింది.

ఆ చూపంటే మేస్త్రికి హడల్. రెండు వారాలుండి పోతానని మూడేళ్ళ కిందట వచ్చిన మనిషి. తాళం వేసిన ఆ సూట్‌కేసు అప్పట్నించీ అక్కడే ఉంది. కూరలో ఉప్పెక్కువైందని అల్లుడంటే చాలు, వచ్చే వారం వెళ్ళిపోతాలే అనేది. ఆవిడ వెళ్తే ఇల్లు ఇల్లులా ఉండదని మేస్త్రికి తెలుసు. చెప్పడమే చేతకాదు. మోకాళ్ళ మీద కూచుని టైల్స్ వేసేవాడికి ప్యాంట్లన్నీ అక్కడే చిరుగుతాయి. మర్నాటికల్లా రంగు కలిసిన మాసిక పడి, మడతపెట్టి ఉండేవి. ఆవిడకీ ఆ మిషనుంటేనే పొద్దుపోయేది. ఇప్పుడది లేదు. ఇంకెందుకుంటుంది?

"కంగారుపడకండి అత్తయ్యా. నాకు ఇన్సూరెన్సుంది. పనిలో ఏది పగిలినా వాళ్ళే ఇస్తారు" అన్నాడు.

మర్నాడు కంపెనీ సర్వేయరు వచ్చాడు. గోడ కన్నం కొలిచాడు, మూట విప్పించి ఫొటోలు తీశాడు. నెమ్మదైన మనిషి. ఏది పడితే అది ఇవ్వరని, పనిచేస్తూ వేరేవాళ్ళ వస్తువు పాడుచేస్తేనే ఈ పాలసీ పనికొస్తుందని ఓపిగ్గా చెప్పాడు. మేస్త్రి వేసిన టైలు ఊడినా, మేస్త్రి వేలు నలిగినా, మేస్త్రి ఇంట్లోవాళ్ళ వస్తువు విరిగినా ఇందులోకి రావట. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళదైతే వస్తుందట.

"కాగితాలు చదవలేదా మీరు?"

మేస్త్రి సంతకం పెట్టాల్సిన చోటు మాత్రం చదివాడు.

"ఇంతకీ మిషను ఎవరిది?"

"మా అత్తగారిది సార్."

"ఆవిడ మీతోనే ఉంటారా, చూసిపోవడానికి వచ్చారా?"

మేస్త్రిని భార్య మోచేత్తో పొడిచింది. సర్వేయరు చూపు కూడా సూట్‌కేసు మీద పడింది. తాళంతో సహా ప్రయాణానికి సిద్ధంగా ఉంది. ఒక్క మాట చాలు. చుట్టంగా వచ్చిందంటే మిషనొస్తుంది, మిషనొస్తే ఆవిడ ఉంటుంది. మేస్త్రి నోరు తెరిచాడు. అత్తగారు తలవంచుకుని నేల మీది టైల్స్ చూస్తోంది. ఆవిడ ఎదురుగా ఆ మాట నోట రాలేదు.

"మాతోనే సార్. మా ఇంటి మనిషి. అలాగే రాసుకోండి."

సర్వేయరు అలాగే రాసుకుని, ఇక తన చేతిలో ఏమీ లేదని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. చేజేతులా పోగొట్టుకున్నారని భార్య నెత్తి కొట్టుకుంది.

అత్తగారు లేచి వెళ్ళి, సూట్‌కేసు లాక్కొచ్చి గది మధ్యలో పెట్టింది. మేస్త్రి అడ్డం వెళ్ళాడు.

"వెళ్ళకండి అత్తయ్యా. మిషను నేను కొంటాను. మీరు లేకపోతే మాకు తోచదు."

"ఈ ముక్క మూడేళ్ళ కిందటే అనొచ్చుగా బాబూ" అంటూ ఆవిడ తాళం తిప్పింది. "నిన్న చిరిగిన ప్యాంటు ఇలా ఇవ్వండి. మిషనొచ్చేదాకా చేత్తోనే కుడతాను."

మూత తెరుచుకుంది. లోపల ఆవిడ బట్ట ఒక్కటీ లేదు. సూట్‌కేసు నిండా, మోకాలి మాసికలకని కత్తిరించి రంగులవారీగా పేర్చుకున్న గుడ్డముక్కలే.