తోడికోడలి కొవ్వు

విందుల్లో ఇప్పుడు వడ్డించేవాళ్ళు ముందు మణికట్టు చూస్తున్నారు. ఒంట్లోని కొవ్వు మంచి హార్మోన్లు వదిలి ఇన్సులిన్‌కి సాయపడుతుంటే మణికట్టుకి కట్టుకున్న బిళ్ళ ఆకుపచ్చగా వెలుగుతుంది, అడ్డుపడుతుంటే ఎర్రగా.

పుల్లలా ఉండే విరజకి ఎరుపు. పక్కన నిండుగా కూర్చునే తోడికోడలు హైమవతికేమో ఆకుపచ్చ. ఆవిడ విస్తట్లో బొబ్బట్లు, ఈమె విస్తట్లో కీరా ముక్కలు. చూసినప్పుడల్లా విరజకి కడుపు మండిపోయేది.

"నా కొవ్వు కాస్త పెట్టించుకోవే," అంటూ చివరికి హైమవతే ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

నెల తిరిగేసరికి విరజ బిళ్ళా ఆకుపచ్చగా వెలిగింది. ఆడపడుచు గృహప్రవేశంలో ఆమె విస్తట్లోనూ నెయ్యి కారుతున్న బొబ్బట్టు పడింది. తుంచి నోట్లో పెట్టుకోబోతుంటే, అత్తగారు పంక్తంతటికీ వినబడేలా మురిసిపోయింది.

"మా పెద్దకోడలి కొవ్వు ఎవరి ఒంట్లో ఉన్నా బుద్ధిగా పనిచేస్తుందమ్మా!"

విరజ బొబ్బట్టు పక్కకి నెట్టేసి, కీరా ముక్కలు వడ్డించమంది.