వెనక బెంచీ అడిగిన ప్రశ్నలు

"మా టీచరైతే ఇలా గియ్యరు!"

మధ్య వరుసలోంచి ఒకడు అరిచాడు. క్లాసంతా గొల్లుమంది.

బోర్డు మీద గుండ్రంగా రొట్టె బొమ్మ గీసి, మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కా మూడో వంతని చెబుతున్న ట్రైనీ టీచరు చేతిలో సుద్దముక్క పుటుక్కున విరిగింది.

ఆ క్లాసు టీచరు చాన్నాళ్లుగా సెలవులో ఉంది. ఎందుకో ఈమెకు ఎవరూ చెప్పలేదు, ఈమె అడగనూ లేదు. పిల్లలు ఈమెను 'చిన్న టీచర్' అంటారు. 'మా టీచర్' అంటే మాత్రం ఆవిడే.

సాయంత్రం చిన్న టీచరు మొహం మాడ్చుకుని కంప్యూటరు ముందు కూర్చుంది. పాఠం ఎలా సాగిందో ట్రైనీలు రోజూ బ్లాగులో రాయాలి. పిల్లల పేర్లు రాయకూడదు. లింకు హెడ్మిస్ట్రెస్‌కు ఇవ్వాలి. అదీ కాలేజీ నియమం.

"ఏం రాస్తున్నావే?" అక్క తొంగిచూసింది.

"రాజీనామా."

"ఉద్యోగమే రాలేదు, అప్పుడే రాజీనామానా?"

చిన్న టీచరు బ్లాగులో కడుపులో ఉన్నదంతా కక్కేసింది. 'వీళ్లకు మర్యాద తెలీదు. సెలవు పెట్టి ఇంట్లో హాయిగా కూర్చున్న వాళ్ల టీచరు చేసిన నిర్వాకమిది. రేపటినుంచి నేను వెళ్లను.'

కాసేపటికి దాని కింద ఒక వ్యాఖ్య కనిపించింది. రాసినవారి పేరు 'వెనక బెంచీ'.

'వెళ్లాలని లేకపోతే మానెయ్యండి. కానీ వాళ్లు నవ్వింది మిమ్మల్ని చూసా, బొమ్మను చూసా?'

"ఎవరే ఇది?" అంది అక్క.

"ఎవరో పనీపాటా లేని మనిషి!"

ఘాటుగా జవాబివ్వాలనుకుంది. ఇవ్వాలంటే జరిగింది సరిగ్గా గుర్తు చేసుకోవాలి కదా. బోర్డు మీద గీసింది గీసినట్టే కాగితం మీద వేసి చూసుకుంది. ఒక ముక్క బండగా ఉంది, ఇంకోటి బక్కగా ఉంది. మూడూ సమానం కానే కావు.

"అక్కా... క్లాసులో ఆ పిల్లాడన్నది నిజమేనే."

మర్నాడు మళ్లీ అదే బొమ్మ గీసి, "నిన్న నేను తప్పు గీశాను. తప్పెక్కడో ఎవరు చెబుతారు?" అని అడిగింది.

చేతులన్నీ లేచాయి.

ఆ సాయంత్రం బ్లాగు రాస్తుంటే వేళ్లు ఆగలేదు.

అప్పట్నుంచీ ఈమె రాయడం, వెనక బెంచీ ఒక ప్రశ్న వెయ్యడం. సలహా ఒక్కటీ ఉండేది కాదు.

'కిటికీ పక్క పిల్లకు ధ్యాసే లేదు, ఎప్పుడూ బయటికే చూస్తుంది' అని రాసిందొకసారి.

'ఆ పిల్ల చోట్లో మీరు కూర్చుని చూశారా?'

వెళ్లి కూర్చుంది. వెలుతురు పడి బోర్డు తళతళలాడుతోంది, అక్షరం ముక్క కనిపిస్తే ఒట్టు. పిల్లను అక్కణ్ణించి లేపి ముందుకు తెచ్చింది. ఆ పిల్ల నోరు విప్పిందంటే ఇక మూయించడం కష్టమైంది!

రానురాను వెనక బెంచీ ఏమడుగుతుందో రాస్తూండగానే తట్టేది. ఆ ప్రశ్న తనే వేసుకుని, జవాబూ తనే వెతుక్కునేది.

ఒకరోజు కింద ఇలా ఉంది: 'ఇవాళ నాకు అడగడానికేమీ మిగల్చలేదు మీరు. ఎంత గర్వంగా ఉందో!'

ఆ తర్వాత ఏమీ రాలేదు.

'ఎక్కడున్నారండీ? ఒక్కసారి మిమ్మల్ని చూడాలి' అని రాసింది. జవాబు లేదు.

ఆ వారమే కాలేజీలో ఆమె బ్లాగును అందరి ముందూ చదివించారు. హాలంతా చప్పట్లు. చూడ్డానికొచ్చిన అక్క అయితే చేతులు కందిపోయేలా కొట్టింది.

ట్రైనింగు ఆఖరి రోజున క్లాసు గుమ్మంలో ఒక పెద్దాయన నిలబడ్డాడు.

"చిన్న టీచరంటే మీరేనామ్మా?"

"అవునండీ."

"వెనక బెంచీ మా ఆవిడ. లేవలేని స్థితిలో ఉండేది. మీరు రాసింది నేను చదివి వినిపిస్తే, ప్రశ్న చెప్పి టైపు చేయించేది."

చిన్న టీచరు మొహం విప్పారింది. "ఆవిడకు దణ్ణం పెట్టుకోవాలండీ. ఎలా ఉన్నారు?"

"మొన్న పోయిందమ్మా. వచ్చిన నర్సుకల్లా మీ బ్లాగు చూపించేది. 'చూశావా, ఎంత బాగా చెబుతోందో!' అని ఒకటే మురిసిపోయేది."

ఆమె తన కుర్చీ తెచ్చి ఆయనకు వేసింది.

"ఆవిడ కూడా టీచరేనా అండీ?"

ఆయన జవాబు చెప్పేలోపే ముందు వరుసలోంచి ఒక పిల్ల ఆయన్ని గుర్తుపట్టి పరుగెత్తుకొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "సార్, మా టీచర్ ఎప్పుడొస్తారు?" అని అడిగింది.