పొద్దుటి ఆహిరి

నరసమ్మ తన ముందు వేసిన విస్తరి తీసి పక్కన పెట్టింది.

“నాకొద్దు. ఆ పాట అయిపోయిందాకా పగటి పూట నేను అన్నం ముట్టను” అంది.

వడ్డించబోతున్న కోడలు కృష్ణవేణమ్మ చెయ్యి ఆగిపోయింది. ఉప్పు సత్యాగ్రహం కబుర్లు మార్కాపురంలో ఇంకా చల్లారని రోజులవి. కొడుకు శ్రీరాములు నవ్వి, అమ్మ కూడా సత్యాగ్రహం మొదలుపెట్టిందన్నాడు. కృష్ణవేణమ్మకు నవ్వు రాలేదు. అత్త కోపం దేనిమీదో ఆమెకు తెలుసు.

ఆమె కంభంలో పుట్టింటివాళ్లు ఫిడేలు నేర్పించిన పిల్ల. అత్తవారిది ధాన్యం దుకాణం. కాపురానికి వచ్చాక నేర్చినవి వాయించుకుంటూ ఊరుకుంటే ఎవరికీ పట్టేది కాదు. కానీ ఆమె సొంతంగా కృతి కట్టడం మొదలుపెట్టింది. అదీ ఆహిరి రాగంలో, తెల్లవారుజామున. పొద్దున్నే ఆహిరి పాడితే పాడినవాళ్లకు ఆ పూట అన్నం దొరకదని సంగీతం తెలిసినవాళ్లంతా భయపడతారు. పైగా ఆ ఏడు వానల్లేవు. జొన్న చేలు మోకాలెత్తులోనే ఎండిపోయాయి.

“వేరే రాగాలే దొరకలేదా అమ్మాయ్?” అని నరసమ్మ మొదటిరోజే అడిగింది.

“ఆకలి పాట అత్తమ్మా. ఆకలేసే పొద్దునే పుట్టాల” అంది కృష్ణవేణమ్మ.

అత్త విస్తరి తీసేసిన రోజు నుంచి ఆమెకు పంతం రెట్టింపయింది. ముగ్గు వేయడం కాగానే ఫిడేలు తీసేది. బియ్యం చెరుగుతూ చరణం కూనిరాగం తీసేది. మధ్యాహ్నం అత్త ఎదురుగానే కూర్చుని, ఆకలి లేకపోయినా మారు వడ్డించుకుని కడుపునిండా తినేది. ఆహిరి తన అన్నం లాక్కోలేదని చూపించాలని. నరసమ్మ స్తంభానికి ఆనుకుని, కోడలు ఆఖరి ముద్ద మింగేదాకా చూసి, మజ్జిగనీళ్లు తాగి లేచిపోయేది. ఆ చూపుకి కృష్ణవేణమ్మకు ఒళ్లు మండేది.

పల్లవి తొందరగానే కుదిరింది. ‘మబ్బులన్ని ఎటు దాచితివి కేశవా’ అని. చరణం నుంచి మళ్లీ పల్లవికి తిరిగే చోటు మాత్రం ఎంతకీ లొంగలేదు. ఒకరోజు బావిలో చేద వేసి తోడుతోంది. తాడు గజాలకొద్దీ పైకి వస్తోంది. చివరికి చేదలో అడుగున కాసిని బురదనీళ్లు. ఆ తాడు లాగినంతసేపూ స్వరాన్ని లాగి, అడుగంటినట్టు పల్లవిలో దించింది. పాట కుదిరింది.

ఆ సంగతి బయటికి పొక్కింది. భజన సమాజం పెద్ద ఉమామహేశ్వర్లు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. ఊరు వాన కోసం అల్లాడుతుంటే ఈ అపశకునం ఏమిటనీ, పెళ్లాన్ని అదుపులో పెట్టుకోమనీ శ్రీరాములుకు గట్టిగా చెప్పాడు. శ్రీరాములు తల వంచుకున్నాడు. కృష్ణవేణమ్మ గడప దాటి వచ్చింది.

“వానలు నిరుడు గూడ పడలేదు మామా. నిరుడు నేను ఈ రాగం ఎత్తనే లేదు” అంది. “శనివారం పొద్దున చెన్నకేశవస్వామి మండపంలో పాడతా. వినేవాళ్లు వస్తారు.”

ఉమామహేశ్వర్లు నరసమ్మ వైపు తిరిగి, నువ్వన్నా చెప్పమ్మా అన్నాడు. కోడలిమీద కోపంతో అన్నం మానేసిన మనిషి తన పక్షమే అనుకున్నాడు.

“మా ఇంటి సంగతి మేం చూసుకుంటాంలే నాయనా” అని నరసమ్మ లోపలికి వెళ్లిపోయింది. తన పోరులో బయటివాళ్లు వేలు పెట్టడం అత్తకు ఇష్టం లేదు కాబోలని కృష్ణవేణమ్మ అనుకుంది.

శనివారం మండపంలో జనం పెద్దగా లేరు. ఉమామహేశ్వర్లు వచ్చి, ఆమె రాగం ఎత్తుకోగానే కండువా దులుపుకుని లేచిపోయాడు. ఆయన వెంట కొందరు పోయారు. కృష్ణవేణమ్మ గొంతు తగ్గించలేదు. పోయేవాళ్లకు కూడా వినబడేట్టు పాడింది. పాట ముగిసేసరికి, పోయినవాళ్లలో ఇద్దరు మెట్లమీదే ఆగిపోయి ఉన్నారు. వాళ్లలో ఒకడు చేను ఎండిపోయిన రైతు. కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు.

ఇంటికి వచ్చేసరికి నరసమ్మ తనంతట తానే విస్తరి వేసుకుని కూర్చుని ఉంది.

“పాట అయిపోయినట్టే గదా? పెట్టు, ఆకలేస్తాంది.”

కృష్ణవేణమ్మ వేడి అన్నం వడ్డించింది. గెలిచిన ఉత్సాహం ఆమెను ఊరుకోనివ్వలేదు.

“ఇన్నాళ్లూ పొద్దున్నే ఆహిరి పాడినా. ఒక్క పూటన్నా నాకు అన్నం తప్పిందా అత్తమ్మా?”

నరసమ్మ మొదటి ముద్ద నిదానంగా మింగింది.

“ఎట్ల తప్పుతాదమ్మా, నీ వంతు పస్తు నేనున్నా గదా.”