మాంగా ఎటునుంచి చదవాలి

"ఇది పదేళ్ల పిల్లకి ఇవ్వాల్సిన పుస్తకమేనా?" అంటూ ఆ తల్లి మాంగా అనే జపాన్ బొమ్మల కథల పుస్తకాన్ని లైబ్రేరియన్ బల్ల మీద పెట్టింది. పక్కన కూతురు నిలబడింది.

లైబ్రేరియన్ అట్ట తిప్పి చూసింది. "మాంగాల్లో ఇది పిల్లల కోసం వేసిందేనండీ. కొట్లాటలు లేవు, బూతుల్లేవు."

"అవి ఉన్నా ఊరుకునేదాన్ని. పోయిన తండ్రి చివర్లో లేచొచ్చి పిల్లకి సైకిల్ నేర్పిస్తున్నాడు. మా ఆయన పోయి ఏడాది కాలేదు. దీనికి లేనిపోని ఆశలు పెడితే ఎలా?"

లైబ్రేరియన్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంది. "మీరు ఎటునుంచి చదివారు?"

"ఎటునుంచేమిటి? అందరిలాగే ఎడమవైపు నుంచి."

"మాంగా కుడివైపు నుంచి మొదలవుతుందండీ. మీరు కథని వెనక నుంచి ముందుకి చదివారు."

తల్లి పుస్తకం వంక చూసింది. "అయితే ఆయన తిరిగి రాడా?"

"రాడమ్మా," అంది కూతురు. "సైకిల్ నేర్పించాకే పోతాడు. నాకు తెలుసు."

తల్లి తాను మొదటిదనుకున్న పేజీ తీసింది. అందులో తల్లీకూతుళ్లు మాడిన గిన్నె ముందేసుకుని పడీపడీ నవ్వుతున్నారు.

"ఇది ఆయన పోకముందు సంగతి అనుకున్నాను."

"కాదమ్మా. అది ఆఖరి పేజీ."

ఇంకో పుస్తకం ఇమ్మంటారా అని లైబ్రేరియన్ అడిగింది. తల్లి అక్కర్లేదంది. కుర్చీ లాక్కుని కూర్చుని, పుస్తకాన్ని కుడివైపు నుంచి తెరిచింది.

"ఈ నవ్వు దాకా రావడానికి చాలాసేపు పడుతుందా?"

"పడుతుందమ్మా," అంది కూతురు పక్కన సర్దుకుంటూ. "మధ్యలో ఆపకపోతే చాలు."