గీకేసిన పేరు

"పేరు చెప్పు బాబాయ్, నిమిషంలో తీసిస్తా," అంది వినెట్.

ఫెర్డీ లమ్స్‌డెన్ బుర్ర గోక్కున్నాడు. కింగ్‌స్టన్‌లో పాతికేళ్లుగా, వీధుల్లో స్పీకర్లు పెట్టి రికార్డులు వేసే సౌండ్ సిస్టమ్ నడుపుతున్నాడు, చేతికి మైకు దొరికితే ఎవరి మాటా వినడు. అలాంటివాడు ఈ రికార్డుల షాపు కౌంటరు ముందు నీళ్లు నములుతున్నాడు. గుమ్మం ముందు ఆపిన అతని వ్యాను మీద 'సీజర్ సౌండ్' అని ఎర్ర అక్షరాలు మెరుస్తున్నాయి. చచ్చిపోయిన కుక్క మీద ప్రేమకొద్దీ పెట్టుకున్న పేరది.

"పేరుతో పనేముందమ్మా? రెగేకి ముందు, అరవై ఏడులో వచ్చిన రాక్‌స్టెడీ పాట. బేస్ గిటారు ఇలా నడుస్తుంది. దుం దుం, దుదుం దుం..."

"వెనక గదిలో మా నాన్న పేర్చిన పాత రికార్డులు నాలుగు వేలున్నాయి. అన్నీ పేర్ల వరసలోనే. అందులో దుం అనే వరస లేదు. ఇంతకీ నీ రికార్డేమైంది?"

"విరిగింది."

"ఎలా?"

"కూర్చున్నాను."

పోటీవాడు టల్లక్ మనుషులు ఎత్తుకుపోతారేమోనని వ్యాను సీటు మెత్త కింద దాచాడు. పొద్దున్నే ఆ సంగతి మరిచిపోయి తనే ఎక్కి కూలబడ్డాడు. మనిషి భారీ మనిషి. రికార్డు ఐదు ముక్కలైంది.

"ముక్కల మీదైనా పేరుంటుందిగా?"

"ఉండదు. కొన్నరోజే గీకేశాను," అన్నాడు ఫెర్డీ గొంతు తగ్గించి.

మంచి రికార్డు దొరికితే పోటీవాడి కంటపడకుండా లేబుల్ గీకెయ్యడం సౌండ్ సిస్టమ్ వాళ్లకి మామూలే. ఫెర్డీ మాత్రం చాకు మొనతో, నాలుక బయటపెట్టి మరీ, ఒక్క అక్షరం మిగలకుండా గీకాడు. పద్దెనిమిదేళ్లలో ఆ పేరు అతని బుర్రలోంచి కూడా అంత శుభ్రంగానూ పోయింది.

ఎవరి రికార్డులు మేలో జనం తేల్చే పోటీ రేపు మధ్యాహ్నమే. ఆ పాత పాట బేస్ నడకనే వాడుకుని ఇన్నేళ్లుగా వచ్చిన రెగే పాటలన్నీ టల్లక్ పోగేసి పెట్టుకున్నాడు. ఫెర్డీ ఊరుకుంటాడా? "టల్లక్ మీకు పిల్లల్నే వినిపిస్తాడు, తల్లిని వినిపించేది నేను!" అని వీధి వీధీ తిరిగి మైకులో అరిచొచ్చాడు. ఓడినవాడు గెలిచినవాడి స్పీకరు పెట్టెలు మోసుకుంటూ ఆ వీధులన్నీ తిరగాలి. అదీ పందెం.

వినెట్‌కి జాలేసింది. ఆ బేస్ వినిపించే రికార్డులు కౌంటరు కింది నుంచి ఒక్కొక్కటే తీసి పెట్టింది.

"ఇదేనా?"

"కాదు. ఇది పెద్దకొడుకు. నడక అదే గానీ పైన ట్రాంబోన్ బాకా ఎక్కి కూర్చుంది."

"ఇది?"

"రెండోవాడు. పాడడు, వాగుతాడు."

"మరి ఇది? ముగ్గురు అమ్మాయిలు పాడారు."

"కూతురు. బంగారుతల్లి. కానీ తల్లి కాదు."

ఈమధ్యే అదే బేస్‌ని యంత్రాల మీద కట్టిన కొత్త పాట పెట్టింది. ఫెర్డీ చెవులు మూసుకున్నాడు. "ఇది ఇల్లరికపు అల్లుడు! తియ్ తియ్!"

షాపులో జనం విరగబడి నవ్వారు. మామిడిపళ్లమ్మే ఆవిడ బుట్టతో సహా లోపలికొచ్చి చిందేస్తోంది. నవ్వనిది ఫెర్డీ ఒక్కడే. టల్లక్ పెట్టెల బరువు అతనికి అప్పుడే భుజాల మీద తెలుస్తోంది.

సరిగ్గా అప్పుడే గోడవార బెంచీ మీదున్న ముసలాయన కంటబడ్డాడు. ఎడంచేత్తో మాంసం కూరిన ప్యాటీ తింటున్నాడు. కుడిచేతి వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి, బేస్ నడకకి ఒక్క దెబ్బ కూడా తప్పకుండా.

"పెద్దాయనా, వీటన్నిటి తల్లి పాట మీకు తెలుసా?"

"తెలీకపోవడమేంటి నాయనా? ఆ బేస్ వాయించింది నేనే. ఆబ్రీ అంటారు నన్ను."

వినెట్ పాట ఆపేసింది. ఫెర్డీ ఒక్క అంగలో వెళ్లి, నూనె చేతులని కూడా చూడకుండా ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడిలా దొరికారు! దాని పేరొక్కటి చెప్పండి, జన్మంతా మీ పేరు చెప్పుకుని బతుకుతా!"

"పేరు నాకూ తెలీదు. మేం వాయించేసి ఇంటికెళ్లిపోయేవాళ్లం. పేరు తర్వాత ప్రొడ్యూసర్ పెట్టుకునేవాడు. కానీ ఆ లేబుల్ మీద అడుగున నా పేరు కూడా వేశారట. అచ్చులో నా పేరు నేనెప్పుడూ చూసుకోలేదు. ఒకాయన దగ్గర రికార్డుందంటే, ఒక్కసారి చూపించమని మూడు ఆదివారాలు ఆయన గేటు ముందు నిలబడ్డాను. చూపించలేదు. వారం వారం ఇక్కడికొచ్చి దాని పిల్లల్ని విని పోతుంటాను."

ఫెర్డీకి రేపటి పోటీ కూడా గుర్తులేదు. నిజంగానే కడుపు మండిపోయింది.

"కన్నబిడ్డని కళ్లారా చూసుకోనివ్వలేదా? ఎవడండీ ఆ దుర్మార్గుడు? చెప్పండి, ఇప్పుడే వెళ్లి మెడ పట్టుకుంటా!"

"మొహం చూసే వ్యవధి ఎక్కడిది నాయనా?" ముసలాయన పంటికి అంటిన ముక్క తీసుకుని, గుమ్మం ముందున్న వ్యాను కేసి ఓసారి చూసి, పంట్లాం మోకాలి దాకా ఎత్తి పిక్క మీది పాత గాటు చూపించాడు. "పాట పేరు తెలీదు, మనిషి పేరు తెలీదు. కుక్క పేరు మాత్రం ఇవ్వాళ్టికీ మర్చిపోలేదు. 'పట్టుకో సీజర్!' అన్నాడు."