తేనె బాబాయ్ దెయ్యమైన సినిమా

"అమ్మమ్మని సినిమాకి తీసుకెళ్ళు. ఏ సినిమా అన్నది ఆవిడ ఇష్టం. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆవిడ దగ్గర అబద్ధం మాత్రం ఆడకు," అంది కాబోయే పెళ్ళికూతురు, పెదవుల చివర నవ్వు దాచుకుంటూ.

కాబోయే అంటే ఇంకా ఖాయం కాలేదు. ఆ ఇంట్లో అమ్మమ్మ ఊ అంటేనే ఏదైనా ఊ. ఇప్పటికి ఇద్దరు పెళ్ళికొడుకుల్ని ఆవిడ వచ్చిన దారినే పంపేసింది. ఒకడు మాడిపోయిన కూరని అమృతమన్నాడు. రెండోవాడు ఆవిడకి నలభై దాటి ఉండవన్నాడు.

మూడోవాడు మన పళ్ళ డాక్టరు. ఆదివారం మధ్యాహ్నం ఆటకి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని థియేటర్ ముందు నిలబడ్డాడు. ఏ ఏడుపుగొట్టు కుటుంబ కథో చూడక తప్పదని గుండె రాయి చేసుకునే వచ్చాడు.

అమ్మమ్మ టాక్సీ దిగింది. తాటిచెట్టంత మనిషి. డెబ్బై దాటినా నడుం వంగలేదు. బళ్ళో ముప్ఫై ఏళ్ళు ఆటల టీచరుగా చేసిందనీ, వేసవి సెలవులొస్తే మాత్రం ఇంటిపట్టున ఉండేది కాదనీ అతను విన్నాడు. ఆవిడ గోడమీద పోస్టర్లన్నీ ఓ చూపు చూసి, ఒకదాని మీద వేలు పెట్టింది.

"ఇది."

డాక్టరు గుండె గంతులేసింది. తేనె బాబాయ్, ఏడో భాగం!

తేనె బాబాయ్ అంటే ఆ సినిమాల్లో హంతకుడు. తేనెటీగలు పెంచేవాళ్ళు వేసుకునే వల ముసుగు, తేనెపట్టు కోసే కత్తి. మొహం కనిపించదు, మాట వినిపించదు. ఆరో భాగం చివర మంటల్లో పడి చచ్చిపోయాడు. ఇరవై ఏళ్ళ తర్వాత ఇప్పుడు దెయ్యమై తిరిగొచ్చాడు. చిన్నప్పుడు దుప్పట్లో దూరి చూడ్డం మొదలుపెట్టిన డాక్టరు, ఆ ఆరింటినీ ఎన్నిసార్లు చూశాడో అతనికే తెలీదు. ఆ పిచ్చి గురించి పెళ్ళికూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. హంతకుడి మీద మనసు పడ్డవాడికి పిల్లనెవరిస్తారు?

"భయమేస్తే కళ్ళు మూసుకోండి అమ్మమ్మా," అన్నాడు సీట్లో కూర్చుంటూ.

"ముందు నీ సంగతి చూసుకో," అందావిడ.

హాలు మొత్తానికి పదకొండు మంది. తెర మీద దెయ్యం బాబాయ్ గోడల్లోంచి వచ్చాడు. అద్దాల్లోంచి వచ్చాడు. కాసేపు గాల్లో తేలాడు. చివరికి ఫ్రిజ్‌లోంచి కూడా వచ్చాడు. వెనక వరసలో ఒకాయన హాయిగా గురక పెట్టాడు.

అమ్మమ్మ ఉండుండి గొణిగింది.

"గోడలోంచి దూరేవాడికి గొళ్ళెం తీయడమెందుకూ?"

డాక్టరు నవ్వు బిగబట్టుకున్నాడు.

"కత్తి అలాగా పట్టేది? ఉల్లిపాయ కూడా తెగదు."

ఇంకాసేపటికి, "ఆ వలలో చెమటకి కళ్ళు మండిపోతుంటాయి పాపం," అని జాలిపడింది కూడా.

ఆట వదిలారు. బయట మెట్ల మీదకి రాగానే అమ్మమ్మ అతని వైపు తిరిగింది. మొహంలో ఏ భావమూ లేదు.

"నాకైతే బ్రహ్మాండంగా ఉంది. నీకెలా ఉంది?"

డాక్టరుకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగాలేదంటే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుంది. బాగుందంటే అబద్ధం. నూతిలోకే దూకాడు.

"బాగాలేదు అమ్మమ్మా. తుస్సుమంది. పాత బాబాయ్ మనిషండీ. అడుగేస్తే మెట్టు కిర్రుమనేది. అందుకే భయం. వీడు పొగ. పొగని చూస్తే దగ్గొస్తుంది గానీ భయమెందుకేస్తుంది?"

"ఇంకా?"

"ఐదో భాగంలో, చంపడానికి వెళ్తుంటే దారికడ్డంగా తేనెటీగల పెట్టె ఉంటుంది. దాన్ని తన్నెయ్యడు. రెండు చేతులా ఎత్తి, మెల్లగా పక్కన పెట్టి వెళ్తాడు. రెప్పపాటులో అయిపోతుంది, ఎవరూ పట్టించుకోరు. నాకు మాత్రం అక్కడ ప్రతిసారీ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి."

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. ప్రతిసారీ అన్నాడు! అయిపోయింది, సంబంధం తప్పిపోయింది.

అమ్మమ్మ కళ్ళద్దాలు తీసి రుమాలుతో తుడుచుకుంది. తర్వాత మనవరాలికి ఫోన్ చేసింది.

"పెళ్ళికి హాలు చూసుకోండే. కుర్రాడు నాకు నచ్చాడు."

ఫోన్లోంచి వచ్చిన కేక టిక్కెట్ల కిటికీ దాకా వినిపించింది.

డాక్టరుకి కాళ్ళు నేలమీద ఆనలేదు. సంతోషం పట్టలేక వాగడం మొదలుపెట్టాడు.

"పాత బాబాయ్ వేషం కట్టిన ఆయన ఎవరో కుస్తీ వస్తాదట అమ్మమ్మా. ఎప్పటికైనా ఎదురుపడితే ఒక్కటే అడుగుతాను, ఆ పెట్టె పక్కన పెట్టమని దర్శకుడు చెప్పాడా అని."

మెట్లు దిగుతున్న అమ్మమ్మ ఆగి, వెనక్కి తిరిగింది.

"దర్శకుడైతే తన్నెయ్యమనే అన్నాడు నాయనా, నాకే కాలు రాలేదు."