పచ్చబడ్డ నీళ్ళు

ఈతకొలను మీద కప్పిన పట్టా లాగగానే కప్ప ఒకటి టీచరమ్మ పాదం మీదకి దూకింది.

ఆమె కెవ్వుమంది. కప్పను చూసి కాదు, పట్టా కింది నీళ్ళను చూసి.

ముచ్చటపడి కొనుక్కున్న ఇల్లు. పెరట్లో ఈతకొలను ఉందని కూతురు మొదటిరోజంతా గంతులేసింది. మూడు వారాలు మోటారు వేయకపోయేసరికి నీళ్ళు పాచిపట్టి ఆకుపసరులా తయారయ్యాయి.

ఆదివారం పాప పుట్టినరోజు. క్లాసు క్లాసంతా ఈతకి వస్తోంది.

పూల్ బాగుచేసే కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపుతామన్నారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర బక్కపల్చటి పెద్దాయన. చేతిలో పొడుగుకర్ర బ్రష్షు.

"నీళ్ళు పచ్చబడ్డాయటగా అమ్మా?"

"నిన్ననగా ఫోన్ చేస్తే ఇప్పుడా రావడం? వెనకనుంచి వెళ్ళండి. ఆదివారానికల్లా మెరిసిపోవాలి."

ఆయన తలూపి వెనక్కి నడిచాడు.

ఆకులన్నీ దేవాడు. గోడలు, మెట్లు, మూలలు చేతులు పడిపోయేలా తోమాడు. ఎండ దిగాక క్లోరిన్ కలిపాడు. మోటారు ఆపొద్దని చెప్పి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ మొదలు.

పాప ఆయన వెనకే తిరిగేది.

"తాతా, ఇంకెన్ని రోజులు?"

"నీళ్ళు తొందరపడవు తల్లీ. నువ్వూ పడకు. అమ్మ లేకుండా ఇటు రాకు."

శనివారానికి పచ్చదనం పోయింది. నీళ్ళు పాలు కలిపినట్టు లేతనీలంగా ఉన్నాయి.

"అబ్బ, ఎంత బాగుందో! ఇక చాలు" అంది టీచరమ్మ.

"చాలదమ్మా. అడుగు కనబడట్లేదు. ఇంకో రెండ్రోజులు ఫిల్టరు ఆడాలి."

"రేపు ఇరవైమంది పిల్లలొస్తున్నారండీ!"

"ఆటలాడించండి, పాటలు పాడించండి. నీళ్ళలోకి మాత్రం వద్దు."

"మేమంతా గట్టుమీదే ఉంటాంగా?"

"గట్టుమీద ఉంటే సరిపోదమ్మా."

టీచరమ్మ ఓపిక అయిపోయింది.

"పని సాగదీయడం ఎలాగో మీ దగ్గరే నేర్చుకోవాలి. ఇక రావద్దు. మీ కంపెనీవాళ్ళతో నేనే మాట్లాడతా."

పెద్దాయన బ్రష్షు గోడకి ఆనించి, రెండు చేతులూ జోడించాడు.

"నన్నెన్నైనా అనండమ్మా. పిల్లల్ని మాత్రం దింపకండి."

తలొంచుకుని వెళ్ళిపోయాడు.

కంపెనీ లైను కలిసేసరికి అరగంట పట్టింది. కలవగానే టీచరమ్మ కడిగిపారేసింది. అవతలివాడు నీళ్ళు నమిలాడు.

"క్షమించాలి మేడమ్. మావాడికి జ్వరం. మేమింకా ఎవర్నీ పంపనేలేదు."

ఆమె చెప్పుల్లేకుండానే వీధిలోకి పరుగెత్తింది. పక్కింటి పిన్నిగారు మొక్కలకి నీళ్ళు పడుతోంది.

"పిన్నిగారూ, మా ఇంటికి రోజూ వస్తున్న పెద్దాయన ఎవరండీ?"

"వెనకవీధిలో ఉండేవారు. మీ నీళ్ళ సంగతి నేనే నోరుజారాను. ఆ మాట వింటే ఆయన కాలు నిలవదు."

"రావద్దని తరిమేశానండీ. వెళ్ళి కాళ్ళమీద పడతాను. ఇల్లెక్కడ?"

"ఇంకెక్కడి ఇల్లమ్మా? అమ్మేశారు. సామాను సోమవారమే వెళ్ళిపోయింది. మీ నీళ్ళ కోసమే ఇన్నాళ్ళూ ఆగారు. ఇందాకే కారెక్కారు."

"నేను... ఆయనకి ఏమవుతానని?"

పిన్నిగారు కుళాయి కట్టేసింది.

"వాళ్ళింట్లోనూ కొలనుండేది. అదీ ఇలాగే పాచిపట్టింది. మనవరాలు ఆ నీళ్ళడుగున ఉంటే, ఆయన ఆ గట్టుమీంచే నడిచెళ్ళి, పొద్దుగూకేదాకా వీధులన్నీ వెతికారమ్మా."